అన్ని వాద్యాలూ నువ్వేనట

బుజ్జీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి కాసేపు ఏడ్చింది, కాసేపు నన్ను తిట్టింది. "ఆరేళ్ల పిల్లని హార్మోనియం ముందు కూర్చోబెట్టింది నువ్వే కదా అన్నయ్యా" అని. ఉగాది వెళ్లాక ఉద్యోగం మానేస్తావట. పాటలు నువ్వే రాసి, నువ్వే బాణీ కట్టి, నువ్వే పాడి, గిటారూ కీబోర్డూ ఫ్లూటూ కంజీరా కూడా నువ్వే వాయించి, నీ గదిలోనే ఆల్బమ్ చేస్తావట. చెల్లికి ధైర్యం చెప్పి పడుకున్నానే గానీ నాకూ నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏవిటో చెబితే నెత్తికెక్కుతావు.

"అసలు ఆ పనికి పేరేవిటి?" అంది మీ అమ్మ. వాగ్గేయకారుడంటారే, అది అన్నాను. బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాయలేదా, బాణీలు కట్టలేదా, పాడలేదా? పైగా వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నారు అన్నాను. "ఆయన రేడియోలో జీతం తీసుకుంటూ చేశారు" అంది. నోరు మూసుకున్నాను.

కాబట్టి ముందు డబ్బు. ఏడాదికి సరిపడా ఇంటద్దె బ్యాంకులో చూసుకుని రాజీనామా ఇవ్వు. స్పాటిఫైలో ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినని పాటకి రికార్డింగు డబ్బులు అసలు లెక్కే కట్టరట, 2024 నుంచి. వెయ్యి దాటినా కూరగాయలకి వస్తాయేమో.

కాగితాల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అయినా ఒక్క మాట. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. మ్యూజిక్ కంపెనీలవాళ్లు రెండూ ఒకే సంతకంతో లాగేసుకుందామని చూస్తారు. గడువు రాయని ఒప్పందం అయిదేళ్లకే చెల్లుతుందని కాపీరైట్ చట్టంలో ఉంది గానీ, వాళ్లు "శాశ్వతంగా" అని రాయడం మర్చిపోరు. ఐపీఆర్‌ఎస్‌లో రచయితగానూ స్వరకర్తగానూ చేరు, పాట వాడుకున్నచోట రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం అది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తరవాత, సినిమాకి ఇచ్చిన పాటైనా సరే, హాల్లో ఆడేది పోను మిగతా చోట్ల వచ్చే రాయల్టీలో నీ వాటాని నిర్మాతకి రాసిచ్చినా చెల్లదు.

చెవులు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, ఇంకో మూడు పెరిగితే నాలుగు గంటలే. ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు డ్రమ్ముల పక్కన నిలబడ్డాను. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా ఎడమ చెవిలో కీచురాయి అరుస్తోంది. ఇయర్ ప్లగ్స్ కొనుక్కోవే. కొన్నాక ఫోటో పంపు, లేకపోతే నమ్మను.

ఇక అసలు సంగతి. అన్నీ నువ్వే వాయిస్తానన్నావని విన్నాక, అటక మీంచి నా క్యాసెట్ దింపించాను.

దేవీచౌక్ దసరా పందిట్లో మాండొలిన్ వాయించే రోజుల్లో నాకు హార్మోనియం, వేణువు, బుల్‌బుల్ తరంగ్ కూడా వచ్చు. తబలా కూడా వచ్చని అనుకునేవాణ్ణి. మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు అద్దెకి తీసుకున్నాను. రెట్టింపు వేగంతో, ఒకవైపే తిరిగేది. 60 నిమిషాల క్యాసెట్ 15 నిమిషాలకే అయిపోయేది. మూడు ట్రాకుల్లో మూడు వాద్యాలు ఎక్కించి, కలిపి నాలుగోదాంట్లోకి దింపి, మొదటి మూడూ చెరిపి, వాటి మీద మళ్లీ వాయించాలి. ఒకసారి దింపాక తబలాని మళ్లీ విడదీయలేం.

మా ఆర్కెస్ట్రాలో తబలా నా స్నేహితుడు. వాణ్ణి పిలవలేదు. వాడికివ్వాల్సిన రెండొందలు మిగులుతాయని మీ అత్తయ్యకి చెప్పాను. నిజానికి అట్ట మీద "అన్ని వాద్యాలు" అని రాసి, పక్కన నా ఒక్కడి పేరే వేయించుకోవాలని. మే నెల్లో ఫ్యాను ఆపేసి, కిటికీకి తడి దుప్పటి కట్టి, ముందు తబలా ఎక్కించాను. దాని మీద హార్మోనియం, మాండొలిన్. కలిపి దింపాను. పైన వేణువు, గొంతు.

అంతా అయ్యాక గొప్పగా వాణ్ణి పిలిచి వినిపించాను. తొడ మీద వేళ్లు ఆడిస్తూ వింటున్నాడు. రెండో చరణం మధ్యలో వేళ్లు ఆగిపోయాయి. "పరిగెత్తావురా" అన్నాడు. అసూయ అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి రాయను. కాఫీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. పదకొండేళ్లు గుమ్మం తొక్కలేదు.

ఆ రాత్రే వాచీ పెట్టి చూశాను. మొదటి చరణం 40 సెకన్లు, చివరి చరణం 35. రెంటికీ పాదాలు నాలుగే. వినే కొద్దీ ఆయాసం వచ్చేది. అప్పటికే 500 కాపీలకి డబ్బు కట్టేశాను. అమ్ముడుపోనివాటి టేపు లాగి, మీ అత్తయ్య మినపచేలో పిట్టలు వాలకుండా కట్టించింది. గాలికి అది రెపరెపలాడుతుంటే, తాళం ఇప్పుడు సరిగ్గా ఉందనేది. ఆవిడ నోరు నీకు తెలుసుగా.

"ఇప్పుడు చెవిలో తాళం కొట్టే క్లిక్కు ఉంది మావయ్యా, తప్పు పోతే వెనక్కి తీసుకోవచ్చు" అంటావు. ఉందిలే. పల్లవి బాగుండి చరణం సాగిందని క్లిక్కు చెబుతుందా? త్యాగయ్యగారు పాడితే శిష్యులు రాసి దాచారు. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించినవాళ్లలో కొడుకున్నాడు. ఆ గదిలో నువ్వొక్కదానివే తలుపేసుకుని, రాత్రి రెండింటికి నీ పాటకి నువ్వే తలూపుకుంటుంటావని తలుచుకుంటేనే నాకు భయం. తిండి కూడా తినవు.

గిటారు వాయించుకో, ఫ్లూటూ వాయించుకో, నీకు బాగా పలుకుతాయి. కంజీరా మాత్రం ఎవరినైనా పిలిచి వాయించమను. డబ్బులివ్వు, పేరు వెయ్యి, పాటలో వాటా ఉంటే ఆ రోజే రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకా పూర్తి చెయ్యని పాటొకటి పట్టుకురా. వాడు మళ్లీ వస్తున్నాడు, గురువారం సాయంత్రాలు, కాఫీకి. నీ పాట పెట్టి వాడి ఎదురుగా కూర్చో. మొహం చూడకు, మెచ్చుకున్నట్టే ఉంటుంది. వేళ్లు చూడు.

మావయ్య