లింక్ ఎవరెవరికి తెరుచుకుంటుందో ముందు చూసుకోండి

వ్యాపారం పనిమీద పెద్ద ఫైళ్లు భద్రంగా, సులువుగా పంపడానికి ఏది వాడాలి అని అడిగారు. కడప ఏడురోడ్ల దగ్గర పద్నాలుగేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. నన్నడిగితే ఏ యాప్ వాడినా ఒకటే. తొందరలో మనం ఇచ్చే లింక్‌తోనే కొంపలు మునుగుతాయి.

మా ఆల్బమ్‌లో 12 బై 36 అంగుళాల షీట్ ఒక్కటి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్‌గా సేవ్ చేస్తే వంద ఎంబీ దాటుతుంది. అలాంటివి నలభై షీట్లు. జీమెయిల్ 25 ఎంబీకి మించి అటాచ్ చేయనివ్వదు. అందుకే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఆల్బమ్ ప్రింట్ చేసే హైదరాబాద్ ల్యాబ్‌కు లింక్ పంపేవాణ్ణి. ల్యాబ్ పిల్లవాడు లాగిన్ కాలేదన్నా అని ఫోన్ చేస్తాడేమోనని, లింక్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు తెరుచుకునేట్టు పెట్టేసేవాణ్ణి.

మూడేళ్ల కిందట మాఘమాసంలో పులివెందుల వైపు ఒక పెళ్లి చేశాను. ముహూర్తాలు వరసగా ఉన్నాయి, నాకు నిద్ర లేదు. పెళ్లికూతురి తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, ఆల్బమ్ ఎంతవరకు వచ్చింది, ఒకసారి చూపించు" అన్నాడు. ల్యాబ్‌కు పంపిన లింకే అతనికీ పంపాను. ఆ ఫోల్డర్‌లో షీట్లతో పాటు ఏరని ఫొటోలన్నీ ఉన్నాయి. నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు తీసినవి కూడా. ఆ పిల్లవాడు సంతోషంగా బంధువుల గ్రూపులో వేశాడు.

మూడో రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికే పెళ్లికూతురి నాయన మెట్ల మీద కూర్చొని ఉన్నారు. ఫోన్ చూపించారు. ఎవరో దూరపు బంధువు స్టేటస్‌లో ఆ అమ్మాయి పసుపునీళ్లతో తడిసిన ఫొటో. ఆయన గట్టిగా అరవలేదు. "ఏం నాయనా, మా బిడ్డను ఊరంతా చూసేదానికా నీకు డబ్బులిచ్చింది?" అన్నారు. వెంటనే లింక్ ఆపేశాను. కానీ అప్పటికే దించుకున్నవాళ్ల ఫోన్లలోంచి ఎలా తీసేది? ఆయన రెండో కూతురి పెళ్లికి నన్ను పిలవలేదు. అది న్యాయమే.

అప్పటి నుంచి ల్యాబ్‌కు వేరే ఫోల్డర్, ఇంటివాళ్లకు వేరే ఫోల్డర్. ల్యాబ్‌వాళ్ల జీమెయిల్ ఐడీకి మాత్రమే తెరుచుకునేట్టు పెడతాను. ఇంటివాళ్లకు చిన్న సైజు ఫొటోలు, అదీ వాళ్లు ఏరి ఒప్పుకున్నాకే. ల్యాబ్‌కు పోయేదాన్ని సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏఈఎస్ 256 అనే గట్టి తాళంతో, పాస్‌వర్డ్ పెట్టి ఒకే ఫైల్‌గా కడతాను. ఆ సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. పాస్‌వర్డ్‌ను లింక్ పక్కనే మెసేజ్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు. ఫోన్ చేసి నోటితో చెప్పండి.

వాట్సాప్ చాలదా అంటారు. ఫొటోగా పంపితే అది నలిగిపోతుంది, ప్రింటుకు పనికిరాదు. డాక్యుమెంట్‌గా పెడితే 2 జీబీ దాకా పోతుంది, చిన్న పనులకు బాగుంటుంది. ఒకే సైట్‌ను నమ్ముకోవద్దని కూడా చెప్తాను. 2020 మేలో పెద్ద ఫైళ్లు పంపే వీట్రాన్స్‌ఫర్ సైట్‌ను మన దేశంలో ఆపేసినప్పుడు దాన్నే నమ్ముకున్న డిజైనర్లు చాలా తిప్పలు పడ్డారు.

ఇంకో బాధ నెట్‌ది. ప్లాన్ అమ్మేటప్పుడు డౌన్‌లోడ్ స్పీడే చెప్తారు, మనకు కావలసింది అప్‌లోడ్. అది 5 ఎంబీపీఎస్ ఉంటే 5 జీబీ ఎక్కడానికి రెండు గంటల పైనే. కనెక్షన్ తీసుకునేటప్పుడే అడగండి. నేను రాత్రి పడుకునే ముందు ఎక్కిస్తాను. ఎండాకాలం కరెంటు పోతే పొద్దున మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది కాబట్టి యూపీఎస్ కొన్నాను.

ల్యాబ్‌వాళ్లు "ఏందన్నా, ప్రతిసారీ పాస్‌వర్డ్ కోసం నీకు ఫోన్ చేయాల్నా" అని విసుక్కుంటారు. రాత్రి పది గంటలకు చేసినా ఎత్తుతాను. ప్రింట్ అయిందని చెప్పిన రోజే ఆ ఫోల్డర్ తీసేస్తాను.