అడుగు లేని బిందె

నల్లగొండ

తమ్ముడికి,

కంప్యూటర్లో త్రీడీ ఆకారాలు చేయడం నేర్పే నీ పుస్తకంలోంచి, దేవరకొండ నుంచి నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ అందాయి. రెండు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుని, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తూ చదివాను. ఇలాంటి పుస్తకాన్ని పడక కుర్చీలో వాలి చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది. దారి ఎక్కడ తెగిందో మౌసు పట్టుకుంటేనే తెలుస్తుంది.

మొదటి అధ్యాయం తీసెయ్. నున్నటి వంపులనూ తలాలనూ లెక్కతో గీసే పద్ధతికి పేరైన నర్బ్స్ (NURBS) అన్న మాటలోని ఒక్కొక్క అక్షరానికీ అర్థం చెబుతూ పేజీలు నింపావు. అందులో తప్పేమీ లేదు. కానీ అప్పటికి చదివేవాడు ఒక్క గీత కూడా గీయలేదు. ముందు అతని చేత వెదురు బద్ద వంచించు. పలక మీద నాలుగు మేకులు కొట్టి వాటి మధ్య సన్నటి బద్దను పోనిస్తే అది తనంతట తానే నున్నటి వంపు తిరుగుతుంది. పూర్వం ఓడలు కట్టేవాళ్లు చెక్క పట్టీని బరువైన దిమ్మెలతో అదిమిపెట్టి ఇలాగే గీసుకునేవారు. ఆ పట్టీ పేరే స్ప్లైన్. మేకులు ఎక్కువైతే బద్ద మెలికలు తిరుగుతుంది. వంపును మలచడానికి తెర మీద మనం జరిపే చుక్కలు, అంటే కంట్రోల్ పాయింట్లదీ అదే గుణం. ఒక్క తేడా చెప్పడం మరవకు: మేకు బద్దను తాకి ఉంటుంది, కంట్రోల్ పాయింటు మాత్రం సాధారణంగా వంపుకు దూరంగా ఉండి దాన్ని తన వైపు లాగుతుంది. మూడో డిగ్రీ వంపుకు (దాని సమీకరణంలో ఘాతం మూడు) 4 పాయింట్లు చాలు. నువ్వు కారు బానెట్ అంచుకు 11 పెట్టించావు. ఆ బానెట్ మీద వెలుతురు పడితే గుంతల రోడ్డులా కనిపించింది నాకు.

నర్బ్స్ పేరులోని ‘రేషనల్’ అన్న మాటను చేతి గాజు గీసే రోజు దాకా దాచుకో. మామూలు బెజియే వంపుతో (పాయింట్లకు బరువులు లేనిది) ఎన్ని పాయింట్లు పెట్టినా అచ్చమైన వృత్తం రాదు. పాయింటుకు బరువు, అంటే వంపును ఎంత గట్టిగా లాగాలో చెప్పే అంకె, ఇచ్చే వీలుంటేనే వస్తుంది. గుండ్రని గాజు కావాలనుకున్నవాడికి ఆ మాట అప్పుడు అవసరమవుతుంది, గుర్తూ ఉంటుంది.

ఇక నా అవమానం ఒకటి చెబుతాను. నా మొదటి పుస్తకంలో బిందె చేయడం నేర్పించాను. సగం ఆకారం గీసి, నడుమ నిలువు గీత చుట్టూ తిప్పితే బిందె వస్తుంది. కుమ్మరి సారె పనే. పుస్తకం వచ్చిన నెలకు మిర్యాలగూడ నుంచి చెక్క మీద యంత్రంతో బొమ్మలు చెక్కే కుర్రవాడు ఫోను చేశాడు. “సార్, మీ బిందెకు అడుగున చిల్లు ఉంది” అన్నాడు. నవ్వులాట అనుకున్నాను. నిజమే. గీత చివరను నిలువు గీత మీదికి తెమ్మన్నాను కానీ, కంటితో అంచనా వేయకుండా, పాయింటు గీతకు కచ్చితంగా అతుక్కునేలా చేసే స్నాప్ పెట్టుకోమని రాయలేదు. నా చేతికి అలవాటైపోయిన మెట్టు కాబట్టి రాయాలని తోచలేదు. వెంట్రుకవాసి ఎడం మిగిలి, ఆ బిందె మూసుకోలేదు, నిండు ఘనాకారంగా మారలేదు. పాపం, మూడు రోజులు తన తప్పే అనుకున్నాడట. నాకు దొరికిన ఊరట ఒక్కటే. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ కంప్యూటర్లో చేసిన టీ కూజా ఈ రంగంలో జగత్ప్రసిద్ధం. దానికీ మొదట అడుగు లేదు.

రెండో ముద్రణలో చిల్లు పూడ్చాను. అయినా బిందె అడుగు మధ్యలో మొటిమలాంటి మొన మిగిలింది. గీత నిలువు గీతను చేరేటప్పుడు లంబంగా చేరాలి; అంటే చివరి రెండు పాయింట్లూ అడ్డంగా ఒకే వరుసలో ఉండాలి. ఈసారి ఆ మెట్టు ఒక్కటే రాసి ఊరుకోలేదు, కారణం కూడా రాశాను. ఎందుకో నీ మూడో అధ్యాయం దగ్గర చెబుతాను.

పడుగు పేకల పోలిక వాడుకో. పోచంపల్లి, గద్వాల మగ్గాలు చూసి పెరిగిన వాళ్లకు సర్ఫేసుకు (తెర మీది వంపు తలానికి) యూ, వీ అని రెండు దిక్కులు బట్టీ పట్టించడం దేనికి? సర్ఫేసు అంటే నాలుగు అంచుల చీర. దాన్ని ఎలా వంచినా పడుగు పడుగే, పేక పేకే. మూడు అంచుల ముక్క కావాలంటే ఒక అంచును ఒక్క బిందువులోకి కుదించాలి. అక్కడ కుచ్చిళ్లు దోపినట్టు నలుగుతుంది. ట్రిమ్ చేసినప్పుడు, అంటే అక్కర్లేని భాగాన్ని కత్తిరించినప్పుడు, బట్ట తెగిపోదు, కనబడకుండా మడిచిపెట్టినట్టు కిందే ఉంటుంది.

రెండు సర్ఫేసులు కలిసే అతుకుల సంగతి నువ్వు బాగా రాశావు. అతుకు ఎంత నున్నగా ఉందో తెలియడానికి తెర మీది ఆకారంపై నలుపు తెలుపు చారలు పడేలా చేసే జీబ్రా చారల పరీక్షకు మాత్రం ఇంటి ఉదాహరణ ఇవ్వు. బాగా తోమిన ఇత్తడి బిందెలో ట్యూబ్‌లైటు నీడ చూడమను. సొట్ట ఉన్నచోట ఆ నీడ వంకర పోతుంది. తెర మీద అతుకు దగ్గర చార తెగితే అంచులు తాకాయంతే. చార కలిసి విరిగితే వాలు కలిసింది, వంపు కలవలేదు. విరగకుండా సాగిపోతేనే వంపు కూడా కలిసినట్టు.

మాటల విషయంలో నీతో పేచీ ఉంది. వరుస గీతల మీదుగా తలం పరిచే లాఫ్ట్‌ను ‘ఆరోహ తలం’ అన్నావు. తెర మీద ఆ మాట ఎక్కడా ఉండదు, చదివేవాడు వెతుక్కుంటూ చస్తాడు. బటను పేర్లు ఉన్నవి ఉన్నట్టే తెలుగు లిపిలో రాయి. వంపు, అంచు, అతుకు, వాలు మనవే, వాటిని వదలకు.

ఇప్పుడు నీ మూడో అధ్యాయం, అలంపురం. ఆ అధ్యాయం చూసి సంతోషపడ్డాను, కోపమూ వచ్చింది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాల మీది శిఖరాన్ని పాఠంగా పెట్టాలన్న ఆలోచన ఇంతవరకూ నాకే రాలేదు. కానీ గర్భగుడి మీది శిఖరాన్ని, ద్వారం మీద ఉండే గోపురం అన్నావు. పైగా బిందెలా చుట్టూ తిప్పేయమన్నావు! అలంపురంలోని ఈ రేఖానాగర (ఉత్తరాది శైలి) శిఖరం గుండ్రంది కాదు. అడుగు చతురస్రం, నాలుగు ముఖాలూ పైకి పోతూ లోపలికి వంగుతాయి. ఒక ముఖంలో సగం చేసి అద్దంలో ప్రతిబింబంలా రెండో సగం తీయాలి. పైనున్న ఆమలకం, అంటే ఉసిరికాయ ఆకారపు రాతి చక్రం, ఒక్కటే తిప్పదగినది. తొనల్లాంటి దాని ఉబ్బుల్లో ఒకటి చేసి చుట్టూ పేర్చితే చాలు.

రెండు సగాలు కలిసేచోట ముఖం మధ్యలో గీటు పడుతుంది చూడు. పాయింట్ల మొదటి రెండు వరుసలూ ఆ అద్దానికి లంబంగా ఉంటేనే అది పోతుంది. బిందె అడుగున చెప్పిన నియమమే ఇది. అక్కడ కారణం తెలుసుకున్నవాడు ఇక్కడ తానే దిద్దుకుంటాడు. మెట్లు మాత్రమే నేర్చుకున్నవాడు నీకు ఫోను చేస్తాడు.

చరిత్ర భాగం తగ్గించు, ఒక్క ముచ్చట మాత్రం ఉంచు. సిట్రోయెన్ కార్ల కంపెనీలో డి కాస్టెల్జో అనే ఆయన 1959లోనే ఈ వంపుల లెక్క కట్టాడు. కంపెనీ దాన్ని బయటపెట్టనివ్వలేదు. మరో కార్ల కంపెనీ రెనోలో బెజియే అనే ఆయన తన పద్ధతిని ప్రచురించాడు, పేరు ఆయనదైంది.

నాలుగో అధ్యాయం రాశాక కాగితాల మీద తీసుకుని బస్సు దిగి నేరుగా ఇంటికే రా. మా పక్కింటి అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది. ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మనిద్దరం వెనక నోరు మూసుకుని నిలబడదాం. ఎక్కడ ఆగి మన వైపు తిరిగి చూస్తుందో ఆ వాక్యం కింద నువ్వు గీత గీయి. మౌసు ఒకటి వెంట తెచ్చుకో, నా దగ్గరున్న దాని చక్రం తిరగడం లేదు.

ఇట్లు,
అన్నయ్య