డిసెంబర్ చివర్లో వేసిన గోధుమను మార్చి ఎండల నుంచి గట్టెక్కించడం ఎట్లా?

నర్సంపేట దగ్గర వరి కోసిన మడిలో డిసెంబర్ 25న గోధుమ వేశానని, ఇప్పటికి 42 రోజులైందని, ముందున్న ఎండలు తలుచుకుంటే టెన్షన్‌గా ఉందని అడిగారు కదా అన్నా. మాది పరకాల వైపు. నేనూ ఇదే తప్పు చేసినవాణ్ణే కాబట్టి దాచకుండా చెప్తా, ఆలస్యమైంది. మన దగ్గర గోధుమ నవంబర్ మొదటి పదిహేను రోజుల్లో పడాలి.

మొదటిసారి నేను కూడా వరి కోతలయ్యాక డిసెంబర్ ఆఖర్లో ఎకరం వేశాను. ఫిబ్రవరి దాకా చేను ఎంత బాగుందంటే, దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ ఇదేం పంట అని అడిగేవాళ్లు. మార్చి రెండో వారంలో ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపి పొట్టు ఊదితే గింజలు జీలకర్ర లెక్క తేలాయి, సన్నగా, ముడతలు పడి. పాలు పోసుకునే రోజుల్లో ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ నిండకముందే ముదిరిపోతుంది. 5 క్వింటాళ్లు వచ్చాయి. మరుసటి ఏడు మక్క తీసిన చేన్లో నవంబర్ 10న వేస్తే అదే విత్తనం, అదే బోరు, 9 క్వింటాళ్లు.

సరే, వేసింది వేశారు. ఇప్పుడు కణుపులు కట్టే టైం, ఒక తడి ఇచ్చి మిగిలిన యూరియా ఈ తడితోనే చల్లేయండి. పొట్ట దశ, అంటే వెన్ను ఇంకా ఆకు తొడుగులోనే ఉబ్బి ఉండే దశ, దాటాక ఇంకో బస్తా వేస్తే ఇంకా పచ్చబడుతుందని ఆశపడొద్దు, మెత్తబడి పడిపోతుంది. ఆ తర్వాత పూతకు ఒకటి, పాల దశలో ఒకటి, ఈ రెండు తడులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పొద్దు. అయితే వరి అలవాటుతో మడి నింపకండి, నేనట్లా నింపితే మూడు రోజుల్లో ఆకులు పసుపెక్కాయి. పలచగా, సాయంత్రం పూట, గాలి లేనప్పుడు పారించాలి. వెన్ను బరువెక్కాక తడి నేల మీద గాలి కొడితే మొత్తం చాప పరిచినట్టు పడుకుంటుంది. పూతప్పుడు 13-0-45 (నీళ్లలో కరిగే పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొట్టాను, కాస్త పనిచేసినట్టే అనిపించింది, అద్భుతం జరిగిందని మాత్రం చెప్పను.

కలుపుకు 2,4-డి కొడదామనుకుంటే ఆగండి, ఆ టైం 35 రోజులకే అయిపోయింది. ఇప్పుడు కొడితే వెన్నులు వంకర్లు పోతాయి, పైగా పక్క చేను మిర్చి అయితే ఆ మందు గాలికి పోయి ఆకులు ముడుచుకుంటాయి, ఇక పంచాయితీయే. మనుషులను పెట్టి తీయించండి.

గింజ కొరికితే కటుక్కుమన్నప్పుడు ఒక్కరోజు కూడా ఆగకుండా కోయించండి. 2023 మార్చిలో వడగండ్లు మీ పక్కనే దుగ్గొండి వైపు ఏం చేశాయో మీకే ఎక్కువ తెలుసు. వరి హార్వెస్టరే సరిపోతుంది కానీ గాలి తగ్గించమని డ్రైవర్‌కు ముందే చెప్పండి, లేకుంటే ఇట్లాంటి తేలిక గింజ పొట్టుతో పాటే ఎగిరిపోతుంది. అమ్మకం గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి, వడ్లకు ఉన్నట్టు మన ఊళ్లల్లో గోధుమకు కొనుగోలు కేంద్రం ఉండదు. నేను సగం చుట్టాలకే ఇచ్చాను, మిగతాది గిర్ని దగ్గర బస్తాల లెక్కన పోయింది.