గాంట్ చార్ట్ గీస్తున్నారు, పని మాత్రం ఆఖరి రెండు వారాల్లోనే: సమాధానం

మీ ఫైనలియర్ ప్రాజెక్టు జట్లు గాంట్ చార్ట్ (ఏ పని ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో అడ్డపట్టీలతో చూపే పట్టిక) గీసి కూడా పనంతా ఆఖరి రెండు వారాల్లోనే చేస్తున్నాయని, ఏం చేయాలని అడిగారు. అది బద్ధకం కాకపోవచ్చు. చార్టులో తేదీలు ముందు వేసేసి, ఏ పని దేనిమీద ఆధారపడిందో రాయకపోవడం వల్లే ఎక్కువగా ఇలా జరుగుతుంది. ఏది ఆగితే ఏది ఆగుతుందో వాళ్లకు కనబడదు.

1. ల్యాప్‌టాప్‌లు మూయించండి. జట్టుకు 20 చీటీలు, చీటీకి ఒక పని. "లాగిన్ మీద పని" అని కాదు, "లాగిన్ పేజీ తెరుచుకుంటోంది" అని రాయాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. ప్రతి చీటీ కింది మూలన "దీనికి ముందు ఏది పూర్తవ్వాలి?" అన్నదానికి జవాబు రాయించండి. తేదీల జోలికి ఇంకా వెళ్లొద్దు.

3. ప్రతి పనికి పట్టే రోజులు వేసి, ముందు పని నుంచి తర్వాతి పనికి బాణాలు గీసి, ఒక్కో దారిలోని (మొదటి పని నుంచి చివరి పని దాకా బాణాల వరుస) రోజులు కూడించండి. లెక్క తేలిగ్గా ఉండాలని పెద్ద ముక్కలతో చూపిస్తాను: అవసరాల సేకరణ 5 రోజులు. అది అయ్యాక డేటాబేస్ 4, స్క్రీన్లు 6, పక్కపక్కన. రెండూ ముగిశాక ప్రోగ్రామింగ్ 10, ఆపై టెస్టింగ్ 4.
స్క్రీన్ల దారి 25 రోజులు, డేటాబేస్ దారి 23. 25 లోంచి 23 తీసేస్తే 2.
డేటాబేస్ రెండు రోజులు జారినా ఫర్వాలేదు. స్క్రీన్లు ఒక్కరోజు జారితే మొత్తం జారుతుంది. ఈ తీసివేత విద్యార్థి తన చేత్తో చేయాలి, సాఫ్ట్‌వేర్ చేసిపెడితే బుర్రకెక్కదు.

4. ఇప్పుడు గాంట్ చార్ట్ గీయించండి.

5. వారానికోసారి జట్టుకు 10 నిమిషాలు. "ఎంత శాతం అయింది?" అని అడగకండి, "90 శాతం" అనే జవాబు వారాల తరబడి అక్కడే ఉంటుంది. పొడవైన దారిలోని చీటీ తీసి, అయితే చూపించమనండి. సగం అయినదాన్ని కానట్టే లెక్కేయండి.