వాణిజ్య భవన యజమానుల సంఘం ప్రభుత్వం దగ్గర ఏం చేస్తుంది?

అమెరికాలో ఒక చిన్న ఆఫీసు భవనం మీ చేతికి వచ్చిందనీ, యజమానుల సంఘానికి ఏటా చందా కడితే ప్రభుత్వం దగ్గర మీకు ఒరిగేదేమిటనీ అడిగారు. నేను అక్కడ ఆఫీసు భవనాల నిర్వహణ చూస్తూ, స్థానిక సంఘపు ప్రభుత్వ వ్యవహారాల కమిటీలో కొన్నేళ్ళు పనిచేశాను. చూసినంత మేరకు చెబుతాను.

లాబీయింగ్, అంటే చట్టాలు చేసేవారికి మన వాదన వినిపించడం అనగానే రాజధానిలో సెనేటర్లను కలవడమే గుర్తుకు వస్తుంది. అదీ ఉంటుంది. కానీ మీ భవనం ఖర్చును రోజువారీగా పెంచేవీ తగ్గించేవీ ఎక్కువగా నగర కౌన్సిల్ చట్టాలు, భవన నియమావళులు, ఆస్తి పన్ను మదింపు పద్ధతులు. అవి ముసాయిదాగా ఉన్నప్పుడే మాట్లాడాలి. ఆమోదం పొందాక మనకు మిగిలేది అమలు చేయడమే.

పాత ఎత్తైన భవనాలన్నిటికీ స్ప్రింక్లర్లు (మంటలు రేగితే పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే పరికరాలు) అమర్చాలని మా నగరంలో ముసాయిదా వచ్చినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. అవి ప్రాణాలు కాపాడతాయి కాబట్టి వద్దనే ఉద్దేశం మాలో ఎవరికీ లేదు. చిక్కంతా గడువుతోనే. అద్దెదారులు పనిచేసుకుంటున్న అంతస్తులో పైకప్పు విప్పాలంటే వాళ్ళను వేరేచోటికి పంపాలి, ఆ కప్పులో ఆరోగ్యానికి హానిచేసే ఆస్బెస్టాస్ బయటపడితే దాన్ని తొలగించడం మరో పెద్ద పని. ఏ అంతస్తు లీజు ఎప్పుడు ముగుస్తుందో, కాంట్రాక్టర్లు ఎంత అంచనా ఇచ్చారో సంఘం సభ్యులందరి నుంచీ సేకరించి, ముందుగా అగ్నిమాపక అధికారులతో కూర్చుని చర్చించింది. బహిరంగ విచారణలో ఒక కౌన్సిల్ సభ్యురాలు నన్ను అడిగింది ఒక్కటే: "మీ భవనంలో ఒక్కో అంతస్తుకు ఎంతవుతుంది, ఎన్ని వారాలు పడుతుంది?" అంచనా కాగితాలు చేతిలో ఉన్నాయి కాబట్టి వెంటనే చెప్పగలిగాను. చివరికి నడవాలకు, మెట్ల దారులకు ముందుగానూ, మిగతా అంతస్తులకు లీజులు మారే కొద్దీనూ పని చేసే వీలు కల్పించారు. మేము అడిగినన్ని ఏళ్ళు ఇవ్వలేదు, కానీ ఇచ్చిన గడువు న్యాయంగానే ఉందని నా అభిప్రాయం.

భవనాలకు నమూనా నియమావళులు రాసే ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ అనే సంస్థపై దేశంలో అనేక నగరాలు ఆధారపడతాయి, ఆ నియమావళులు మూడేళ్ళకొకసారి మారతాయి. ఎవరైనా సవరణ ప్రతిపాదించవచ్చు, వాదించవచ్చు, కానీ తుది ఓటు ప్రధానంగా ప్రభుత్వ అధికారులదే. అందుకే 1907లో మొదలైన బోమా (భవన యజమానుల, నిర్వాహకుల సంఘం) వంటి సంఘాలు అక్కడికి సాంకేతిక నిపుణులను పంపుతాయి. ఓటు లేనివారికి ఆధారాలే బలం.

కేంద్ర స్థాయిలో ఎంత ఓపిక కావాలో ఒక ఉదాహరణ చూడండి. 2017 పన్ను చట్టం రాతలో జరిగిన పొరపాటు వల్ల భవనాల లోపలి మెరుగుదలలకు 15 ఏళ్ళు ఉండాల్సిన తరుగుదల కాలం (పెట్టిన ఖర్చును పన్ను లెక్కలో తగ్గించుకునే వ్యవధి) 39 ఏళ్ళుగా ఉండిపోయింది. రియల్ ఎస్టేట్, రిటైల్ సంఘాలు పట్టువదలకుండా అడగగా, 2020 మార్చిలో కరోనా కాలపు సహాయ చట్టమైన కేర్స్ చట్టం దాన్ని వెనుకటి తేదీ నుంచే సరిదిద్దింది. అంతకాలం ఒంటరిగా తిరగడం ఏ చిన్న యజమానికీ సాధ్యం కాదు.

అయితే సంఘం అన్నిటికీ పనికిరాదు. పెద్ద కంపెనీలకు అనుకూలమైన నిబంధన చిన్న యజమానికి భారం కావచ్చు, సభ్యులు రెండుగా చీలితే సంఘం మౌనంగా ఉంటుంది. మీ ఒక్క భవనం పన్ను మదింపుపై అప్పీలు మీరే చేసుకోవాలి. చందాలో లాబీయింగ్‌కు వెళ్ళే భాగాన్ని వ్యాపార ఖర్చుగా చూపలేరు, కాబట్టి ఆ వాటా ఎంతో అడిగి తెలుసుకోండి. అభ్యర్థులకు మద్దతుగా సంఘం నడిపే ఎన్నికల నిధికి ఇచ్చే విరాళం దీనికి వేరు, అది పూర్తిగా మీ ఇష్టం.

చేరే ముందు ఆ సంఘం వారిని మరో ప్రశ్న అడగండి: నగరంలో ముసాయిదా బయటికి వచ్చాక సభ్యులకు ఎన్ని రోజుల్లో తెలియజేస్తారు? విచారణ ముందురోజు తెలియజేసే సంఘమైతే, మీ అంకెలు సిద్ధం చేసుకునే సమయమే మీకు ఉండదు.