ల్యాండింగ్‌కి దిగుతున్న విమానం ఉన్నట్టుండి పైకి లేస్తే గుద్దుకోబోయినట్టేనా?

మీ అమ్మగారు హైదరాబాద్ నుంచి రాజమండ్రి వస్తుంటే, దిగుతున్న విమానం ఒక్కసారిగా పైకి లేచిందని, సిబ్బంది ఏమీ చెప్పలేదని, పక్క సీటాయనేమో "ఎదురుగా ఇంకో విమానం వచ్చింది" అన్నాడని, అప్పట్నుంచి ఆవిడ విమానం ఎక్కనంటున్నారని రాశారు. మాది కోనసీమ అండి. ఏటీఆర్ విమానాల్లో కో-పైలట్‌గా ఇదే దారిలో చాలాసార్లు దిగాను, ఒకసారి నాకూ ఇలాగే జరిగింది.

ఆ రోజు నేల మీదనుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ మమ్మల్ని 6,000 అడుగుల దాకా దిగమన్నారు. రాజమండ్రిలో అప్పుడే లేచిన విమానాన్ని 5,000 దాకా ఎక్కమన్నారు. మధ్యలో 1,000 అడుగుల ఎడం, నిబంధన ప్రకారం అది చాలు. కానీ మేము జోరుగా దిగుతున్నాం, వాళ్ళు జోరుగా ఎక్కుతున్నారు. విమానాలు గుద్దుకోకుండా కాపాడే టీకాస్ అనే పరికరం మా విమానంలో ఉంటుంది, అది అవతలి విమానంలోని ట్రాన్స్‌పాండర్‌ని (అడిగితే రేడియోలో జవాబిచ్చే పెట్టెని) అడిగి దాని దూరం, ఎత్తు కనుక్కుంటూ ఉంటుంది. మేము 6,000 దగ్గర ఆగుతామని దానికి తెలియదు, ఇదే ఊపులో పోతే ఎంతసేపట్లో కలుసుకుంటారు అన్న లెక్కే దానికి ముఖ్యం. ఆ ఎత్తుల్లో సుమారు 40 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. 25 సెకన్ల దాకా వచ్చిందంటే ఇక హెచ్చరిక కాదు, ఆజ్ఞే. మాకు "లెవెల్ ఆఫ్, లెవెల్ ఆఫ్" అని వినిపించింది, అంటే దిగడం ఆపమని.

ఎంత వేగంగా దిగుతున్నామో చూపించే గుండ్రటి డయల్‌లో దిగే వైపంతా ఎర్రబడిపోయింది, సున్నా దగ్గర చిన్న ఆకుపచ్చ ముక్క మిగిలింది. కెప్టెన్‌గారు ఆటోపైలట్ తీసేసి ముల్లుని ఆ పచ్చలోకి తెచ్చారు. నేను రేడియోలో "టీకాస్ ఆర్ఏ" అన్నాను, అంటే టీకాస్ ఆజ్ఞ ప్రకారం పోతున్నామని. ఆ మాట విన్నాక, మేము తిరిగి చెప్పేదాకా కంట్రోలర్ మా దారి మార్చడానికి ప్రయత్నించకూడదు. కాసేపటికి టీకాస్ "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" అంది, అంటే ప్రమాదం తప్పిందని. అప్పుడు నా వైపు కిటికీలోంచి చూస్తే, కింద కొబ్బరితోటల పచ్చదనం మీదుగా తెల్లగా ఆ విమానం జారిపోతోంది.

అసలు మేము పైకి ఎక్కనే లేదు. దిగుతున్నది ఆపాం, అంతే. కానీ అలా ఆపినప్పుడు ఒంటి బరువు పావు వంతు పెరిగినట్టు ఉంటుంది, 60 కిలోల మనిషికి 75 కిలోలు ఉన్నట్టు అనిపిస్తుంది, సీటు కిందనుంచి నెట్టినట్టు ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళకి అది పైకి లేవడమే. మీ అమ్మగారికీ అలాగే అనిపించి ఉండొచ్చు. ఆ రోజు మేమూ ప్రయాణికులకి ఏమీ చెప్పలేదు, దిగే పనిలో పడిపోయాం. అది తప్పే. బండి ఆగాక అయినా రెండు ముక్కలు చెప్పి ఉండాల్సింది.

కంట్రోలర్ మాట కాదని పరికరం మాట ఎందుకు వినాలి అని కూడా అడిగారు కదా. కాలవగట్టు మీద రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఇద్దరూ ఒకే వైపుకి తిప్పి గుద్దుకోవడం మనవైపు అందరూ చూసిందే. రెండు విమానాల్లోనూ టీకాస్ ఉంటే అవి ముందే మాట్లాడుకుంటాయి, ఒకదాన్ని పైకి పొమ్మంటే రెండోదాన్ని కిందికి పొమ్మంటాయి. మధ్యలో ఒకరు ఇంకెవరి మాటో వింటే ఆ ఒప్పందం చెడిపోతుంది. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ మీద జరిగింది అదే. రష్యా విమానాన్ని టీకాస్ ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు, వాళ్ళు దిగారు. అవతలి సరుకు విమానం తన టీకాస్ మాట ప్రకారం దిగుతోంది. రెండూ ఢీకొని 71 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. ఆ లెక్క తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. మన దేశంలో 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు, ఆ తర్వాతే ఇక్కడ టీకాస్ తప్పనిసరి చేశారు.

ఇంకో సంగతి. నేలకి 1,000 అడుగుల లోపు టీకాస్ ఇలాంటి ఆజ్ఞలు ఇవ్వదు. అంత కిందికి వచ్చాక విమానం నిజంగానే ఇంజన్ హోరుతో పైకి లేచిందంటే అది గో-అరౌండ్. గాలి సరిగా లేకపోయినా, రన్‌వే ఖాళీగా లేకపోయినా మళ్ళీ ఒక చుట్టు తిరిగి రావడం, అది మామూలే.

కాబట్టి అమ్మగారిని ఒక్క మాట అడగండి. అలా అయినప్పుడు కిటికీలోంచి ధవళేశ్వరం బ్యారేజీ గీతలా కనిపించిందా, లేక కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేంత కిందికి వచ్చేశారా? ఆ తర్వాత ఇంజన్ల చప్పుడు పెరిగిందో లేదో కూడా కనుక్కోండి. ఇక్కడే రాస్తే ఏమై ఉంటుందో చెబుతాను, కావాలంటే ఆవిడతో ఫోన్లో కూడా మాట్లాడతాను.