‘దేవుడే కాపాడాడు’ అన్న అక్కకి ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. దేవుణ్ణి నమ్మను, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఐదు వారాల క్రితం మా బావకి గుండె ఆపరేషన్ జరిగింది. రాత్రి 2:10కి అక్క మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ‘ఆపరేషన్ అయిపోయింది. దేవుడే కాపాడాడు’ అని పెట్టింది. 2:14కి నేను ‘కాపాడింది సర్జన్. బిల్లు మాత్రం దేవుడికి పంపు’ అని రాసి, ఒక నవ్వే బొమ్మ తగిలించాను. అక్క మారుమాట లేకుండా గ్రూప్‌లోంచి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. మా బాబాయ్ అయితే ‘నీకూ ఐసీయూలో పడుకునే రోజొస్తుంది, అప్పుడు గుర్తొస్తాడులే దేవుడు’ అని రాశాడు. దాన్ని ఒక్కరూ తప్పుపట్టలేదు. రోజూ భక్తి మెసేజ్‌లతో నిండిపోయే గ్రూప్‌లో నేను ఒక్క మాట అనకూడదా? గౌరవం ఎప్పుడూ నా వైపు నుంచే ఎందుకుండాలి? నేనన్నది అబద్ధం కాదు కదా, సారీ దేనికి?

జవాబు: మీరన్నది అబద్ధం కాదు. ఆపరేషన్ చేసింది సర్జనే. మీ అక్కకీ ఆ సంగతి తెలుసు, తెలియకపోతే బావని ఆస్పత్రిలో చేర్పించేదే కాదు. కాబట్టి ఆ రాత్రి మీరు ఆవిడకి కొత్తగా చెప్పిందేమీ లేదు.

ఆవిడ మెసేజ్ మళ్లీ ఒకసారి చదవండి. రెండు వాక్యాలున్నాయి. మొదటిది కబురు. మీరు దాన్ని దాటేసి రెండోదాన్ని పట్టుకున్నారు. అర్ధరాత్రి దాటాక ఐసీయూ బయట కూర్చున్న మనిషి ‘ఆపరేషన్ అయిపోయింది’ అని రాస్తే తమ్ముడు అడగాల్సింది ‘బావకి మెలకువ వచ్చిందా, నీ పక్కన ఎవరైనా ఉన్నారా’ అని. ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ ఫోన్ వంకే చూస్తూ ఉండి ఉంటుంది, ఎవరైనా మేలుకుని ఉన్నారేమో అని. ముందు కనిపించింది మీ పేరు. తమ్ముడు మేలుకునే ఉన్నాడన్నమాట! ఎంత ధైర్యం వచ్చి ఉంటుంది, మెసేజ్ తెరిచేదాకా.

‘దేవుడే కాపాడాడు’ అని ఆవిడ చర్చకి పెట్టలేదు. అది ‘అమ్మయ్య’ లాంటి మాట. అమ్మయ్య అన్నవాళ్లని రుజువేదని అడగం కదా.

అలాగని దేవుడి మాట వచ్చిన ప్రతిసారీ నోరు కట్టేసుకోమనడం లేదు. మందులు మానేసి ఫలానా జపం చేస్తే షుగర్ తగ్గుతుందని ఎవరైనా పెడితే వెంటనే అడ్డు చెప్పండి, జోకుగా కాదు, సీరియస్‌గానే చెప్పండి. ఎవరో ఒకరు నిజంగానే మాత్రలు ఆపేయొచ్చు. ‘దేవుడు లేకపోతే నీతి ఎక్కడిది’ అని ఎవరైనా మొదలుపెడితే అది మిమ్మల్ని పిలిచి కుర్చీ వేసినట్టే, కూర్చుని వాదించండి. పొద్దున్నే దేవుడి బొమ్మతో వచ్చే శుభోదయం మాత్రం మీతో ఏ వాదనా పెట్టుకోలేదు. దాని మానాన దాన్ని వదిలేయండి.

నవ్వే బొమ్మ పెట్టాను కదా, సరదాకన్నానని తెలుస్తుందిలే అని మీరు అనుకుని ఉంటారు. రాసేవాళ్లంతా అలాగే అనుకుంటారు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే సైకాలజిస్టులు తోటి పరిశోధకులతో కలిసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఈమెయిల్‌లో తాము రాసింది వెటకారమో సీరియస్సో అవతలివాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పట్టేస్తారని రాసినవాళ్లు లెక్కేశారు. పట్టుకోగలిగింది 56 శాతమే. బొమ్మాబొరుసూ వేసుకున్నా 50 వస్తుంది. మీ అక్క విషయంలో ఆ బొమ్మే మీ మాటకన్నా ఎక్కువ గుచ్చుకుని ఉంటుందని నా అనుమానం. ఫోన్‌లో నవ్వు వినిపించదు, పళ్లు మాత్రం కనిపిస్తాయి.

ఇక మీ బాబాయ్. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని, దాచడం దేనికి. మీ ఉత్తరం చదువుతుంటే మొదట మీ అక్క తరఫున కోపమొచ్చింది. ఆయన మాట దగ్గరికొచ్చేసరికి సిగ్గేసింది. అది శాపం. నమ్మనివాడు జోకేస్తే పొగరంటారు, నమ్మేవాడు శాపం పెడితే పెద్దరికం కింద చెల్లిపోతుంది. మీ ఫిర్యాదులో న్యాయముంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణంలో ఆలోచనకీ, అంతరాత్మకీ, మతానికీ కలిపి స్వేచ్ఛ ఇచ్చారు. నమ్మనివాళ్లకీ ఆ రక్షణ ఉందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లో విడమరిచి చెప్పింది. అయితే ఈ కాగితం ప్రభుత్వాల ముందు పనికొస్తుంది, అలిగిన అక్క ముందు కాదు.

బాబాయ్‌తో మాట్లాడండి, గ్రూప్‌లో కాదు, ఫోన్‌లో. ‘నా జోకు తప్పే బాబాయ్. మీరు మాత్రం నాకు ఐసీయూ రావాలని కోరుకున్నట్టు రాశారు, బాధేసింది’ అనండి చాలు. ఆయన ఒప్పుకోకపోయినా, మీకు తగిలిందని ఆయనకి తెలియాలి. కానీ అక్క సంగతి తేలాకే ఆయన దగ్గరికి వెళ్లండి. రెండూ కలిపితే ‘నేనూ అన్నాను, ఆయనా అన్నాడు, చెల్లుకు చెల్లు’ అన్న లెక్కలోకి దిగిపోతారు.

నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ గట్టిగా వాదించుకోలేరని కాదు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు నాస్తికుడు, గాంధీ రోజూ ప్రార్థన చేసే మనిషి. 1944లో మొదలైన వాళ్ల మాటల్లో ఎవరూ తగ్గలేదు. గోరా కూతురి పెళ్లి గాంధీ ఆశ్రమం సేవాగ్రాంలో జరిపించాలనుకున్నప్పుడు, ఆ తంతులో దేవుడి పేరుకి బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. వాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు, చుట్టాలందరూ చూస్తుండగా ఒక్క వాక్యం విసిరేసి పడుకోలేదు. మీకూ అక్కకీ అలాంటి సంభాషణ ఎప్పుడైనా జరిగిందా? ఉత్తరంలో ఆ ఊసు లేదు.

సారీ దేనికంటే, నమ్మనందుకు మాత్రం కాదు. ఆ సారీ చెప్తే మీ అక్క కూడా నమ్మదు. ‘అక్కా, ఆ రాత్రి బావ ఎలా ఉన్నాడని అడగాల్సింది. అడగకుండా జోకేశాను. తప్పు నాది.’ ఇంతే. దీని తర్వాత ‘కానీ’ వస్తే మొత్తం పోయినట్టే. అన్నది అందరి ముందూ కాబట్టి గ్రూప్‌లో కూడా ఒక లైను రాయండి, ఆవిడ లేకపోయినా ఎవరో ఒకరు చెప్తారు. ఆవిడని మళ్లీ గ్రూప్‌లో చేర్చమని అడ్మిన్‌ని తొందరపెట్టకండి. ఆవిడే రావాలి.

ఫోన్ ఎత్తడం లేదన్నారు కాబట్టి ఇంటికే వెళ్లండి. మాటల్లో ఆవిడ మళ్లీ ‘అంతా దేవుడి దయరా’ అంటుంది, అనకుండా ఉండదు. అవునని మీరు అబద్ధమాడక్కర్లేదు. ‘చాలా భయపడ్డావు కదక్కా’ అనండి. తర్వాత బావ పక్కన కూర్చుని, ఎంతసేపు నడవగలుగుతున్నాడో అడగండి. ఐదు వారాలుగా మీరు ఆయన్ని అడగని ప్రశ్న అది.